ముప్పై సెకన్ల గంట

బల్ల మీద ఇత్తడి గంట పెట్టి, లక్ష్మణమ్మ చేతిలో స్టాప్‌వాచీ ఉంచి, డ్రిల్లు టీచరు సుభద్రమ్మ తన జట్టు దగ్గరకు వెళ్ళిపోయింది. అప్పటికే లక్ష్మణమ్మ నోరు పిడచగట్టుకుపోయింది.

ఆమె విజయనగరంలో ఒక బాలికల హైస్కూల్లో కుట్టుపని టీచరు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఎదటివాళ్ళు కాస్త గొంతు పెంచితే చాలు, గుండె దడదడలాడే మనిషి. అలాంటి ఆమెను ఫైనలు ఆటలో బల్ల దగ్గర కూర్చోబెట్టింది సుభద్రమ్మే. ఆవిడ ఆ వేసవిలో మద్రాసు వెళ్ళి శిక్షణ పొంది, బాస్కెట్‌బాల్లో ఒక కొత్త నియమం పట్టుకొచ్చింది. బంతి చేతికి చిక్కిన జట్టు ముప్పై సెకన్లలోపు దాన్ని బుట్టకేసి విసరాలి. విసరకపోతే గంట మోగుతుంది, బంతి అవతలివాళ్ళకు పోతుంది. అంతవరకూ ఈ ప్రాంతపు బడుల ఆటల్లో అది లేదు. నాలుగు పాయింట్లు ముందున్న జట్టు బంతిని చేతులు మార్చుకుంటూ పొద్దుపుచ్చేసేది. చూసేవాళ్ళు బఠాణీలు నములుతూ ఆవలించేవారు.

సరే, నియమం వచ్చింది. గంట కొట్టేవాళ్ళు కావాలి. స్టాఫు రూములో అందరూ తప్పుకున్నారు. కాదనడం చేతకానిది లక్ష్మణమ్మ ఒక్కతే.

పొద్దున హెడ్‌మిస్ట్రెసు ఎదురుపడి, మన పిల్లల విషయంలో గంట కాస్త చూసి కొట్టమంది. అంటే ఏమిటని అడిగే ధైర్యం లేక లక్ష్మణమ్మ తలూపి వచ్చేసింది.

అవతలి జట్టు శ్రీకాకుళం నుంచి వచ్చింది. వాళ్ళలో బుల్లమ్మ అని పొడుగాటి పిల్ల ఉంది. నౌపడ దగ్గర సముద్రపొడ్డు పల్లె ఆమెది. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కూతురి ఆట చూడ్డానికి తండ్రి గంగరాజు, మరో పదిమంది మగవాళ్ళు రైలెక్కి వచ్చి, సరిగ్గా లక్ష్మణమ్మ బల్ల వెనకే నిలబడ్డారు. వాళ్ళు అరిచినప్పుడల్లా ఆమె భుజాలు ముడుచుకుపోయేవి.

మొదటి సగం ఎలాగో గడిచింది. బంతి చేతులు మారగానే వాచీ నొక్కడం, ముల్లు ముప్పై దాటితే గంట కొట్టడం. రెండుసార్లు కొట్టింది, రెండుసార్లూ ఎవరూ ఏమీ అనలేదు.

రెండో సగంలో బంతి గీత దాటి దూసుకొచ్చి ఆమె చేతికి తగిలింది. వాచీ సిమెంటు నేల మీద పడింది. వంగి తీసి నొక్కింది. ముల్లు కదల్లేదు. చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు.

రిఫరీ నరసింగరావు ఈల వేసి ఆట మొదలుపెట్టేశాడు. చెయ్యెత్తి ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని వెనక అంతమంది మగాళ్ళు, ముందు వరసలో హెడ్‌మిస్ట్రెసు. వాచీ సుభద్రమ్మది. ఆవిడ మద్రాసులో సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నది. లక్ష్మణమ్మ చెయ్యి ఎత్తలేకపోయింది. వాచీని గుప్పిట్లో మూసేసి, కళ్ళంలో నాన్న ఒకటికి బదులు లాభం అంటూ ధాన్యం కొలిచినట్టు లోలోపల లెక్కపెట్టడం మొదలెట్టింది. లాభం, రెండు, మూడు...

ఆ లెక్క ఎంత నమ్మదగిందో ఆమెకే తెలియదు. గుండె ఉరికితే అంకెలూ ఉరుకుతున్నాయి. నెమ్మదించాలనుకుంటే మధ్యలో ఎక్కడున్నదీ మరిచిపోతోంది. చెమట జాకెట్టును తడిపేసింది. ఆట తొందరగా అయిపోతే చాలని, ఎవరు గెలిచినా సరేనని, ఊళ్ళో ఉన్న దేవతలందరికీ మొక్కుకుంది.

ఆట చివరికొచ్చింది. విజయనగరం ఒక్క పాయింటు ముందుంది. బంతి శ్రీకాకుళం పిల్లల దగ్గరుంది. వాళ్ళు అటూ ఇటూ తిప్పి తిప్పి బుల్లమ్మకు అందించారు. లక్ష్మణమ్మ లెక్క ముప్పైకి చేరింది. గంట కొట్టింది. అదే క్షణాన బుల్లమ్మ చేతిలోంచి బంతి లేచి, నేరుగా వెళ్ళి బుట్టలో పడింది.

గంట ముందు మోగిందని నరసింగరావు ఆ బుట్ట చెల్లదన్నాడు. వెనక మగాళ్ళు కేకలేస్తూ బల్ల మీదికి వచ్చేశారు. బల్ల కదిలింది, గంట కింద పడింది. లక్ష్మణమ్మకు లేచి పారిపోదామన్నా దారి లేదు.

బుల్లమ్మ తండ్రిని పక్కకు నెట్టి బల్ల ముందుకు వచ్చింది. కోపంగా లేదు. రొప్పుతోంది.

"టీసరమ్మా, నాను బంతి అంతసేపు అట్టీసుకున్నానేటి? ఒక్కసారి ఆ గడియారం సూపించండమ్మా."

లక్ష్మణమ్మ గుప్పిలి ఇంకా బిగించింది. సుభద్రమ్మ కూడా పరిగెత్తుకొచ్చి, చూపించండి పరవాలేదు అంది. ఆవిడ గొంతులో ఉన్న నమ్మకం వింటే లక్ష్మణమ్మకు మరీ భయం వేసింది. పిల్ల మొహంలోకి చూసింది. గుప్పిలి విప్పింది.

"ఆగిపోనాదమ్మా," అంది లక్ష్మణమ్మ, తనూ ఇంటి యాసలోకి వచ్చేసి. "ఇందాక పడిపోనాది. అప్పట్నుంచి నానే లెక్కెడతన్నాను. బయంలో బేగి లెక్కెట్టేసినానో ఏటో, నాకు తెల్దు."

సుభద్రమ్మ వాచీ అందుకుని చూసింది కాని లక్ష్మణమ్మ వైపు చూడలేదు.

నరసింగరావు జరిగిపోయిన బుట్టను ఇవ్వలేనన్నాడు. గంటా చెల్లదు, బుట్టా చెల్లదు, బంతి శ్రీకాకుళం వాళ్ళదే, తన చేతి గడియారం చూస్తూ తానే ఈల వేస్తానన్నాడు. మళ్ళీ మొదలైంది. బంతి మళ్ళీ బుల్లమ్మకే అందింది. ఈసారి నిదానించే తీరిక ఉన్నా, పిల్ల హడావిడిగా విసిరేసింది. బంతి ఇనుప చుట్టుకు తగిలి బయట పడింది. ఆట అయిపోయింది. బుల్లమ్మ నేల మీద కూలబడి మోకాళ్ళలో తల పెట్టుకుంది.

విజయనగరం పిల్లలు గంతులేస్తుంటే గంగరాజు బల్ల దగ్గరకు వచ్చాడు. కొడతాడనుకుని లక్ష్మణమ్మ కుర్చీని గట్టిగా పట్టుకుంది. అతను చెయ్యెత్తలేదు.

"గడియారం పడిపోయినప్పుడే సెప్పీసుంటే నా పిల్ల బుట్ట నిలిసీది గదమ్మా," అని, కూతురిని లేవదీయడానికి వెళ్ళిపోయాడు.

లక్ష్మణమ్మ వెళ్ళి ఆ పిల్ల పక్కన కూచుని ఏదైనా చెప్పాలనుకుంది. ఆ మగాళ్ళందరినీ దాటుకుని వెళ్ళలేక అక్కడే నిలబడిపోయింది. వాళ్ళు రైలుకు టైమవుతోందని వెళ్ళిపోయారు.

సోమవారం హెడ్‌మిస్ట్రెసు పిలిపించింది. ఉద్యోగం ఊడినట్టేననుకుంటూ లక్ష్మణమ్మ గది బయట చాలాసేపు నిలబడింది. లోపలికి వెళితే ఆవిడ కాగితాల్లోంచి తలెత్తకుండానే, ఇకమీదట ఆటల పని మీకు వద్దు, మీ కుట్టుపని మీరు చూసుకోండి అంది. అంతే.

అమ్మయ్య అనుకుంది లక్ష్మణమ్మ. వరండా సగం దూరం ఆ తేలికదనంతోనే నడిచింది. అంతలో మోకాళ్ళలో తల పెట్టుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి, తనకు హాయిగా అనిపించినందుకే సిగ్గేసింది. క్లాసులోకి వెళ్ళి సూదిలో దారం ఎక్కించబోతే ఎంతకీ ఎక్కలేదు. ముందు బెంచీలో పిల్ల చేతికిచ్చి ఎక్కించమంది.