మామూలు బండి, వేగం బండి

చూడ్డానికి రెండు బండ్లూ ఒకేలా ఉన్నాయి. అదే రంగు, అవే తలుపులు. వేగం రకానికి మాత్రం పక్కన ఒక ఎర్ర గీత అదనం. ఆ గీతకీ, అడుగున ఎక్కడో ఉందంటున్న రెండో మోటారుకీ కలిపి షోరూమ్ ఆవిడ చెప్పిన ధర వింటే లిఫ్టు మెకానిక్‌కి తప్పుగా విన్నానేమో అనిపించింది. అయినా బేరం ఆడకుండా, పోనీ లేచి వెళ్ళిపోకుండా, ఆ ఎర్ర గీత చుట్టూనే తచ్చాడుతున్నాడు.

"బ్యాటరీ బండే అయినా దీని ఊపు వేరు సార్. సిగ్నల్ పడగానే అందరూ వెనకే ఉండిపోతారు" అంది ఆవిడ.

"సాయంత్రం పూట ఊరి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాలంటే ఎంత కలిసొస్తుందండీ?"

ఆవిడ నీళ్ళు నమిలింది. వేగం బండి కొనడానికి వచ్చేవాళ్ళు షోకుకి వస్తారు గాని, ఇలా చావుబతుకుల మీద ఉన్నట్టు అడగరు. "అది రోడ్డుని బట్టి ఉంటుంది సార్" అని ఊరుకుంది.

రోడ్డు నిండా బండ్లుంటే రెండో మోటారు ఏం చేస్తుందో ఆ మాత్రం అతనికి తెలియదనుకోకండి. రోజూ చూస్తున్నదే. అతను మరమ్మతు చేసే భవనాల్లో జనం లిఫ్టు బొత్తాన్ని ఒకసారి నొక్కి ఊరుకోరు, పొడిచిందే పొడుస్తారు. ఎన్నిసార్లు పొడిచినా లిఫ్టు తన తీరికలో తాను వస్తుంది. అరిగిపోయిన ఆ బొత్తాలు మార్చేదీ అతనే, మారుస్తూ జనాన్ని తిట్టుకునేదీ అతనే. "ఒక్కసారి నొక్కితే చాలమ్మా, దానికి తెలుస్తుంది" అని కూతురికి నేర్పించాడు కూడా. అది ఎక్కడ లిఫ్టు ఎక్కినా పక్కవాళ్ళకి ఈ పాఠం చెప్పి మరీ పరువు తీసేది. అంత తెలిసిన మనిషి ఇవాళ షోరూములో నిలబడి తన బొత్తాం ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాడు.

ఎందుకంటే అతని కొంప మునుగుతోంది. ఆ ఎనిమిదేళ్ళ కూతురి ముద్దుపేరు పిచ్చుక. మొగుడూ పెళ్ళాలు విడిపోయాక అది తల్లి దగ్గర ఉంటోంది. ఇతనికి మిగిలింది ఆదివారం ఒక్కటే. పొద్దున వెళ్ళి తెచ్చుకోవాలి, సాయంత్రం ఆరింటికల్లా దింపాలి. తల్లి ఆసుపత్రిలో నర్సు, ఆదివారం రాత్రి డ్యూటీ. ఇతను ఆలస్యంగా తెచ్చిన ప్రతిసారీ ఆమె డ్యూటీకి ఆలస్యం. పైవాళ్ళ చేత నలుగురిలో చీవాట్లు తింది. కొన్నాళ్ళు ఓర్చుకుంది, కొన్నాళ్ళు అరిచింది, చివరికి కోర్టుకెక్కింది. ఆమెని తప్పు పట్టడానికి లేదు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆదివారాలు రద్దని జడ్జిగారు తేల్చేశారు. ఇక నెలకోసారి, కోర్టు వాళ్ళ గదిలో, ఒక ఆయమ్మ ఎదురుగా గంటసేపు కూతురిని చూసుకోవాలి. ఆ మాట విన్న దగ్గర్నుంచీ అతనికి తిండి సయించడం లేదు.

ఇంతకీ ఆలస్యం ఎందుకవుతోందంటే, పిచ్చుకకి కారు పడదు. పొద్దున వచ్చేటప్పుడు బాగానే ఉంటుంది. సాయంత్రం తిరుగుదారిలో మాత్రం "నాన్నా, కడుపులో తిప్పుతోంది" అంటుంది. బండి ఆపాలి. ఫ్లైఓవరు దిగగానే టైర్ల కొట్టు ముందున్న బెంచీ మీద కూర్చోబెట్టి, వీపు రాసి, కాసిని నీళ్ళు తాగించాలి. కాస్త దూరం పోయాక మళ్ళీ ఆపాలి. మధ్యాహ్నం కడుపునిండా తింటుంది, పైగా తన డొక్కు డీజిలు బండి, ఆ కంపూ ఆ కుదుపులూ ఏ పిల్లకి పడతాయి, అనుకున్నాడు.

కోర్టులో అదే చెప్పుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. "నాతో కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చినా దానికేం కాదండీ. ఈయన సాకులు చెబుతున్నాడు" అంది. ఇతనికి ఒళ్ళు మండి "అబద్ధాలకోరు" అని అందరి ముందూ అరిచి, జడ్జిగారి చేత అక్షింతలు వేయించుకున్నాడు.

అక్కకి ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంటే అక్కడా అక్షింతలే.

"ఒరేయ్, వేగం బండెందుకురా నీకు? ఓ గంట ముందు బయల్దేరి చావొచ్చుగా!"

"బయల్దేరానక్కా. ముందు బయల్దేరితే దాని కడుపు కూడా ముందే తిప్పుతోంది. రెండుసార్లు ఆగేది నాలుగుసార్లు ఆగాల్సొస్తోంది."

"మరి డబ్బో?"

డబ్బు సంగతి అతను అప్పటికే తేల్చుకున్నాడు. డొక్కు బండి ఎలాగూ చివరి రోజుల్లో ఉంది, మామూలు రకమైతే ఉన్న జీతంలో ఈడ్చుకు రావచ్చు. వేగం రకమైతే బండి అప్పు వాయిదాల కోసం ముందు గది వదులుకుని ఒంటి గది అద్దెకి మారాలి. ఆ ముందు గది పిచ్చుకది. దానికి పసుపు రంగు తనే వేశాడు. పిల్ల ఎత్తుకి సరిపోయేలా బల్ల కాళ్ళు కోసి పొట్టి చేశాడు. గోడ మీద అది గీసిన లిఫ్టుల బొమ్మలున్నాయి, ప్రతి లిఫ్టులోనూ ఒక నాన్న ఉన్నాడు. ఆ గది వదలడానికి మనసొప్పడం లేదు. కానీ ఆదివారమే లేకపోతే ఆ గది ఎవరికి?

"ఇవాళ్టితో ఈ ధర అయిపోతుంది సార్. సాయంత్రంలోపు ఏ రకమో ఒక మాట చెప్పండి" అంది షోరూమ్ ఆవిడ. "ముందు ఒకసారి నడిపి చూడండి, తరువాత మీరే అడుగుతారు."

ఆదివారం కాబట్టి పిచ్చుక కూడా షోరూముకి వెంటే వచ్చింది. దాన్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించాడు. అప్పుడే అది కడుపు పట్టనంతగా భోంచేసి, ఆ పైన ఐస్‌క్రీం తిని ఉంది. ఎందుకైనా మంచిదని ఒక ప్లాస్టిక్ సంచీ చేతికిచ్చాడు. అది సంచీ పక్కన పడేసి బొమ్మల పుస్తకం తెరిచింది.

ఊరి చివర కొత్త రోడ్డు ఖాళీగా ఉంది. "తొక్కండి సార్, భయం లేదు" అంది ఆవిడ. తొక్కాడు. చప్పుడు లేదు, పొగ లేదు, వీపు మాత్రం సీటుకి అతుక్కుపోయింది. రోడ్డు పక్క స్తంభాలు మీద మీద పడ్డాయి. భయపడి బ్రేకు నొక్కితే ముందుకి విసిరింది. ఆవిడ పైన ఉన్న పిడిని రెండు చేతులా పట్టుకుని "బాగుంది కదా సార్" అంది, ఆ గొంతులో ఎక్కడా బాగోలేదు.

"మళ్ళీ నాన్నా! మళ్ళీ!" వెనక నుంచి కేరింతలు.

మళ్ళీ తొక్కాడు. చివర్లో గుండ్రటి మలుపు చుట్టూ గిర్రున తిప్పాడు. అతనికే వాంతి వచ్చినట్టయింది. ఆపి, తలుపు తీసుకుని దిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. తిన్నది బయటికి రాకుండా ఆపుకోవడం గగనమైంది. ఆ వంగిన మనిషి చెవిలోకి కూతురి గొంతు వచ్చింది. అది తాపీగా పుస్తకంలో జోకు చదివి షోరూమ్ ఆవిడకి వినిపిస్తోంది. అక్షరం తడబడకుండా, అంత తిప్పుడులోనూ చదువుతూనే ఉంది.

అతనికి వాంతి ఆగిపోయింది.

వాళ్ళమ్మ అబద్ధం చెప్పలేదు. దీనికి ఏ బండైనా పడుతుంది.

ఏ రకమో ఫోన్లో చెబుతానని షోరూమ్ ఆవిడతో అని, డొక్కు బండిలో తిరుగుదారి పట్టాడు. ఈసారి ఇంకా ముందుగా బయల్దేరాడు. ఆపకుండా వెళ్తే చాలినంత టైముంది. ఫ్లైఓవరు ఎక్కారు. అనకు తల్లీ, ఇవాళ అనకు, అని లోపల్లోపల మొక్కుకున్నాడు. దిగారు. టైర్ల కొట్టు కనపడింది.

"నాన్నా, కడుపులో తిప్పుతోంది."

ఆపాడు. ఆపకుండా పోయేంత గుండె అతనికెక్కడిది? బెంచీ మీద కూర్చున్నారు. అలవాటుగా చెయ్యి వీపు మీదికి వెళ్ళింది. నిజం చెప్పాలంటే వారమంతటిలో అతనికి బాగున్న ఘడియలు ఇవే. పిల్ల తల అతని భుజానికి ఆనించి, బుడ్డి బుడ్డి గుక్కలుగా నీళ్ళు తాగుతూ బడి కబుర్లన్నీ చెప్పేది. రోజంతా చెప్పనివి ఇక్కడే చెప్పేది.

"పిచ్చుకా, నిజంగా తిప్పుతోందా?"

అది నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

"నేను కోప్పడను. చెప్పు."

"తిప్పట్లేదు."

"మరి?"

"ఇంటికెళ్తే అయిపోతుంది కదా."

కోప్పడనన్నాడు గాని కోపం రానే వచ్చింది. ఇన్ని వారాలుగా కోర్టులో తల దించుకున్నది ఇందుకా! నోటిదాకా వచ్చిన కేక మింగేశాడు. మింగాక అసలు సంగతి తట్టింది. పిల్లకి ఏం తెలుసని? విడిపోయిన రోజున మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకోకుండా ఒప్పుకున్నది ఒకే ఒక్క మాట, కోర్టు గొడవ పిల్ల చెవిన పడకూడదని. ఎంత కసి మీద ఉన్నా ఇద్దరూ ఆ మాట తప్పలేదు. కోర్టు వాయిదా ఉన్న రోజు ఇద్దరూ బ్యాంకుకి వెళ్తున్నామని చెప్పేవారు. "మనకి బోలెడు డబ్బులున్నట్టున్నాయి నాన్నా, ఎప్పుడూ బ్యాంకేగా" అని అది మురిసిపోయేది. పిల్లని కాపాడుకుంటున్నామనుకుని ఇద్దరూ కలిసి దాని కళ్ళకి గంతలు కట్టారు. ఆ గంతలతోనే అది తన ఆదివారాన్ని తన చేత్తో తుంచేసుకుంటోంది.

చెప్పక తప్పదు. చెప్పాడు. అది బ్యాంకు కాదన్నాడు. అమ్మ డ్యూటీ సంగతి చెప్పాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఆదివారాలు ఉండవని, అమ్మ చెడ్డది కాదని, తనకి ఎలా చెప్పాలో తెలియలేదని, వరస లేకుండా అన్నీ చెప్పేశాడు.

పిచ్చుక మొహం పాలిపోయింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అతను సీసా అందుకుని, మూత బిగించి బెంచీ మీద పెట్టాడు.

"నాకెవరూ చెప్పలేదుగా! నేను ఆపించేదాన్ని కాదుగా!" అని ఏడుపు అందుకుంది. దగ్గరికి తీసుకోబోతే చెయ్యి తోసేసి కారు దగ్గరికి పరిగెత్తింది. తలుపు తీసుకుని ఎక్కి, బెల్టు తనే పెట్టుకుంది. "రా నాన్నా! టైమైపోతోంది! తొందరగా రా!"

నీళ్ళ సీసా బెంచీ మీదే ఉండిపోయింది.

ఆ తరువాత దారి పొడుగునా అది కబుర్లు చెప్పలేదు. "టైమెంత నాన్నా?" అని అడిగింది. చెప్పాడు. రెండు సందులు దాటేసరికి మళ్ళీ అడిగింది. ఎర్ర లైటు పడ్డ ప్రతిచోటా వెనక నుంచి అతని సీటుని రెండు చేతులా తడుతూ "పోనీ నాన్నా, పోనీ" అంది. ఎదురుగా బస్సు, అటూ ఇటూ స్కూటర్లు. ఎక్కడికి పోనిస్తాడు?

"వేగం బండే కొంటావు కదా?"

"అక్కర్లేదమ్మా. ఇకమీదట ముందే బయల్దేరదాం. ఎక్కడా ఆగం. మామూలుది చాలు."

"వద్దు నాన్నా. వేగందే కొను. మధ్యలో ట్రాఫిక్ ఎక్కువుంటే? టైరు పోతే?"

"ఏం కాదు తల్లీ."

"కొంటానను."

"చూద్దాంలే" అన్నాడు.

చాలా ముందే చేరారు. గేటు ఎదురుగా బండి ఆపి అతను హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నాళ్ళకి గెలిచినట్టనిపించింది. "చూశావా, ఇంకా బోలెడు టైముంది. కాసేపు ఇక్కడే కూర్చుని కబుర్లు చెప్పుకుందాం" అని వెనక్కి తిరిగాడు.

పిచ్చుక అప్పటికే బెల్టు తీసేసింది.

"వద్దు నాన్నా. నీ గడియారం వెనకబడిందేమో" అంది. దిగింది. ఎప్పుడూ మెడ పట్టుకుని వేలాడేది, ఇవాళ ముద్దు పెట్టించుకోవడానికి కూడా ఆగలేదు. పుస్తకాల సంచీ వీపు మీద ఎగురుతుంటే గేటు దాటి పరిగెత్తింది.

అప్పుడే ఫోన్ మోగింది. షోరూమ్ ఆవిడ.

"సార్, మూసేస్తున్నామండీ. ఏ రకం రాయమంటారు?"

మామూలుదే అని చెప్పడానికే నోరు తెరిచాడు. గేటు ఊచల్లోంచి కింది అంతస్తు లిఫ్టు కనపడుతోంది. దాని ముందు నిలబడి పిచ్చుక బొత్తాం నొక్కుతోంది. ఒక్కసారి కాదు. అరచేత్తో, వేళ్ళతో, గుప్పిటతో, ఆపకుండా పొడుస్తూనే ఉంది. మధ్యమధ్య వెనక్కి తిరిగి తండ్రి వైపు కాదు, గోడ గడియారం వైపు చూస్తోంది. లిఫ్టు పైన ఎక్కడో తన తీరికలో తాను ఉంది.

"సార్? లైన్లో ఉన్నారా?"

పసుపు గది కళ్ళ ముందు మెదిలింది. పొట్టి బల్ల, గోడ మీది బొమ్మలు. వేగం బండితో ఏమీ కలిసిరాదని అతనికి తెలిసినంతగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు.

"వేగందే రాయండి" అన్నాడు.