ఎడమ తలుపు

పొద్దున్నే కాఫీ తాగి, అది వేడిగా ఉందో చల్లారిపోయిందో కూడా గమనించకుండానే, పళ్ళ డాక్టరు షెడ్డులోకి వెళ్ళి ఉప్పుకాగితం అందుకునేవాడు. పాతకాలపు స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు. తుక్కు కింద కొని, భార్యా తనూ ఆరేళ్ళపాటు ఒక్కో ముక్కా బాగుచేసుకున్నారు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. కొనేవాడొకడు దొరికాడు, ఆదివారం వస్తానన్నాడు. అతనికి అట్టడుగున ఉన్న అసలు ఆకుపచ్చ రంగే కావాలట. కారు వెళ్ళిపోతే ఇంటికి తాళం వేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవడమే. అందుకు డాక్టరుకి బాధా లేదు, సంతోషమూ లేదు.

రంగు గీకితే ఆ పూత వేసిన రోజు వాతావరణం షెడ్డులోకి దిగుతుంది. ఒకసారి గీకేస్తే ఇక అంతే, మళ్ళీ రాదు. నీలం కింద ఎరుపు ఉంది. ఏ నడివేసవిలో వేశారో గానీ మాడు పగిలే ఎండ. ఇల్లు సర్దడానికి వచ్చిన చెల్లెలు దుప్పట్లన్నీ ఉతికి ఆ ఎండలోనే ఆరేసుకుంటోంది.

"అన్నయ్యా, ఇవాళ నీలం జోలికి పోకు. తడి బట్టలున్నాయి."

"సరే."

"చెయ్యి చూసుకున్నావా? ఎండకి ఎలా కమిలిపోయిందో!"

"అవునా," అన్నాడు, అది ఇంకెవరి చెయ్యో అయినట్టు.

నీలం భార్య వేసిందే. అదీ ముసురు రోజున. తడిగాలిలో వేస్తే రంగు తెల్లబారిపోతుందని మొత్తుకున్నాడు. "ఎండ కోసం చూస్తూ కూర్చుంటే ముసలాళ్ళమైపోతాం లెండి," అని నవ్వి బానెట్‌తో మొదలుపెట్టింది. చూస్తుండగానే బానెట్ పాలు ఒలికినట్టు తెల్లబారింది. "ఆరేళ్ళ కష్టం బూడిదలో పోశావు!" అని అరిచి క్లినిక్‌కి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మాటలు మానేశాడు, షెడ్డు గడప తొక్కలేదు. నాలుగో రోజు తెల్లారేసరికి నిద్రలోనే ఆమె గుండె ఆగిపోయింది.

శనివారానికి ఎడమ తలుపొక్కటే మిగిలింది. అటు వైపు గోడకి ఆనుకుని ఉండటంతో అన్నాచెల్లెళ్ళిద్దరూ కారుని ముందుకి తోశారు. నీలం గీకినప్పుడల్లా ముసురే పట్టింది కాబట్టి చెల్లెలు గొడుగు తెచ్చి అన్న నెత్తి మీద పట్టింది.

నాలుగు సార్లు రుద్దాడు. చినుకు పడలేదు. మణికట్టు మీద సాయంత్రపు ఎండ, పలచగా, వచ్చి వాలింది.

"వెచ్చగా ఉందే," అన్నాడు ఉలిక్కిపడి.

తలుపు మీది దుమ్ము చేత్తో తుడిచాడు. ఎక్కడా తెల్లమచ్చ లేదు. నీలం అద్దంలా మెరుస్తోంది, అందులో అతని మొహం కనబడుతోంది.

"వాన వెలిసేదాకా ఆగింది," అన్నాడు. "నా మాట విని ఆగే వేసింది. మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"నువ్వు మాట్లాడితేగా, అన్నయ్యా."

పళ్ళ డాక్టరు ఆ తలుపుకి నుదురు ఆనించి భోరుమన్నాడు. చెల్లెలు గొడుగు మూసి పక్కనే నిలబడింది.

కాసేపటికి మొహం కడుక్కుని కొనేవాడికి ఫోన్ చేశాడు. "కారు అమ్మడం లేదండి. ఒక తలుపు గీకడం నావల్ల కాదు."

చెల్లెలు పెట్టెలోంచి అన్న చొక్కాలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. తర్వాత కాఫీ తెచ్చిచ్చింది. అతను ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు.

"చల్లారిపోయింది, మళ్ళీ వెచ్చబెట్టి తే."