చేతికి తొడిగిన సారసం

తెల్లని పొడుగు అంగీని తలమీదుగా దించుకొని, ముఖానికి వలగుడ్డ సరిచేసుకొని, ఆమె కుడిచేతిని పక్షి మెడలోకి దూర్చింది. మోచేతి దాకా వచ్చే బూడిదరంగు గుడ్డతొడుగు అది. కొసన ఎర్రని తల, గుండీల కళ్లు, కొయ్యముక్కు. లోపల చిన్న స్ప్రింగు ఉన్నందువల్ల ముక్కు ఎప్పుడూ మూసుకొనే ఉంటుంది. వేళ్లతో నొక్కితేనే తెరుచుకొంటుంది. కీళ్లవాతంతో వంకరపోయిన ఆ వేళ్లు ఇంట్లో గ్లాసు పట్టుకోవడానికే మొరాయిస్తాయి గాని, ఈ తొడుగులోకి వెళ్లగానే బుద్ధిమంతులవుతాయి.

తడికె అవతల మూడు సారస పక్షి పిల్లలు నిలబడి ఉన్నాయి. పిల్లలన్న మాటేగాని ఆమె భుజమంత ఎత్తు ఎదిగాయి, ఎగరడం కూడా నేర్చాయి. ఆమె లోపలికి వెళ్లి, వంగి, మడుగు బురదలోంచి కొయ్యముక్కుతో ఒక నత్తను తీసి, అన్నిటికంటే చిన్నదాని ముందు పెట్టింది. ఆ చిన్నది ఇప్పటికీ తనంత తాను వెతుక్కోదు. పెట్టేదాకా చూస్తుంది.

ఆ తడికెల మధ్య ఎవరూ మాట్లాడకూడదు. దగ్గు వస్తే నోట్లో గుడ్డ కుక్కుకోవాలి. మనిషి ముఖం, మనిషి గొంతు ఎరగని పక్షే మనిషిని చూసి పారిపోతుంది; పారిపోయే పక్షే బతికి బట్టకడుతుంది. ఆ ప్రాంతాల్లో ఈ పద్ధతిని మొదట పెట్టింది ఆమే.

జంతుశాస్త్ర విభాగంలో ఆమె చేరిననాడు మరో ఆడమనిషి లేదు. పెద్ద ప్రొఫెసరు కప్పల బొమ్మలకు రంగులు వేసే పని ఇచ్చి, "బురదలో దిగడం నీ వల్ల కాదమ్మా" అన్నాడు. ఆమె దిగింది. జుట్టు నెరిసేదాకా గట్టెక్కలేదు. సారసం సాధారణంగా రెండు గుడ్లు పెడుతుందనీ, తరచు ఒక్క పిల్లే దక్కుతుందనీ గమనించి, రెండో గుడ్డును తెచ్చి పొదిగించింది. సారసాలు తిరిగే ఆ చిత్తడినేలను పూడ్చి ఇళ్లస్థలాలుగా అమ్మబోతే కోర్టు గడప తొక్కి ఆపించింది. ఇప్పుడా నేల ముఖద్వారం దగ్గర ఒక శిలాఫలకం ఉంది. దానిమీద ఉన్నది ఆనాడు అమ్మజూపిన పెద్దమనిషి పేరు. రాయి నోరులేనిది కనుక ఎవరు ఏది చెక్కినా మోస్తుంది.

ఆమెను బాధించింది ఆ పేరు కాదు. తను పెంచిన పక్షుల మొదటి జట్టును వదిలిననాడు పైవాళ్లు బ్యాండు పెట్టించారు, మైకుల్లో ప్రసంగాలు చేశారు, అతిథులు పక్షులకు అరచేతుల్లో బిస్కట్లు తినిపించారు. వారం తిరగకుండానే వాటిలో ఒకటి, ఏదో వీధిలో మైకు విని దిగివచ్చి, అక్కడి చేతులవైపు మెడ చాచింది. ఎవరో కర్రతో కొట్టారు. విచారణ జరగలేదు. బ్యాండు పెట్టించిన అధికారికి ప్రమోషన్ వచ్చింది.

ఆమె మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేసరికి, ఆమెతోనే ఉంటున్న చెల్లెలు కంచం పెట్టి ఎదురుచూస్తోంది. ఆ తొడుగులన్నీ కుట్టేది ఆ చెల్లెలే.

"గుండెమాత్ర వేసుకున్నావా?"

ఆమె తల ఊపింది.

"నోటితో చెప్పక్కా. అక్కడా మూగనోము, ఇక్కడా మూగనోమేనా? నీ గొంతు వింటే చెడిపోడానికి నేనేమన్నా కొంగపిల్లనా?"

"కొంగ కాదు, సారసం."

"ఏదో ఒకటిలే. ఊరంతా నిన్ను కొంగలమ్మ అనే అంటోంది."

అప్పుడే ఫోను మోగింది. ఒకప్పుడు ఆమె దగ్గరే చదువుకొని, ఇప్పుడు ఆ సారసాల పెంపక కేంద్రానికి డైరెక్టరైన వ్యక్తి.

"మేడమ్, పక్షుల్ని వదిలేది రేపు పొద్దున్నే. మంత్రిగారే స్వయంగా తలుపు తీస్తారు. స్కూలు పిల్లలు, బ్యాండు, టీవీ వాళ్లు. మీకు పతకం కూడా ఉంది."

"బ్యాండు వద్దు. మొదటి జట్టు పక్షి చచ్చిపోతే కోసి చూసింది నువ్వే కదయ్యా. మర్చిపోయావా?"

"పైనుంచి వచ్చిన మాట మేడమ్, నేనేం చెయ్యను? ఈసారి మీ పేరు కూడా మైకులో చెప్పిస్తాను."

"నా గొంతే వినపడకుండా పెంచాను వాటిని. నువ్వు నా పేరు వినిపిస్తావా?"

"సాయంత్రానికి తాళాలు పంపించండి మేడమ్. లేకపోతే రేపట్నుంచి మిమ్మల్ని లోపలికి రానివ్వడం నా చేతుల్లో ఉండదు."

ఆమె ఫోను పెట్టేసింది.

"ఏమంటాడు?" అంది చెల్లెలు.

"కొంగజపం చేస్తున్నాడు."

"ఇప్పుడు మాత్రం కొంగా?" అని చెల్లెలు నవ్వింది. అక్క నవ్వకపోయేసరికి ఆపేసింది. ఆమె అన్నం సగంలోనే చేయి కడుక్కొంది.

కేంద్రం గేటు బయట, పక్షులకు మాట వినపడనంత దూరంలో, కాపలాదారును పిలిచింది.

"వాటిని ఇప్పుడే వదిలేస్తున్నాను. తాళం నేనే తీస్తాను. ఎవరైనా అడిగితే నువ్వు చూడలేదను."

"చూశాననే చెప్తానమ్మగారూ. అబద్ధమాడితే ముందు మీరే తిడతారు" అని ఆయన కూడా తెల్ల అంగీ తొడుక్కొన్నాడు.

తాళం తీసి, ఆమె చిత్తడినేల వైపు తలుపు బార్లా తెరిచింది. గుడ్డసారసాన్ని తలకు పైగా ఎత్తి నీళ్లలోకి నడిచింది. మోకాళ్లలోతు నీరు, అడుగడుక్కీ బురద కాలు పట్టుకొంటోంది. మూడు పక్షులూ వరసగా వెంట నడిచాయి. దూరాన అడవి సారసాల గుంపు మేస్తోంది. తుంగ దుబ్బుల చాటున ఉన్న మట్టిగట్టు మీద ఆమె కూర్చొని, అలవాటుగా కొయ్యముక్కుతో ఒక నత్తను తీసింది.

పెద్దవి రెండూ గుంపువైపు సాగిపోయాయి. చిన్నది వెనుదిరిగి వచ్చి, ఆమె ముందు నిలబడి, కొయ్యముక్కులోని నత్తను చూసింది.

ఆమె ఇవ్వలేదు. ఎత్తిన చేయి దించలేదు. చిన్నది మెడ వంచి చూసింది, ఎడమకాలు మార్చి కుడికాలి మీద నిలబడింది, మళ్లీ చూసింది. చివరికి తనే బురదలో ముక్కు దూర్చింది. రెండుసార్లు ఏమీ దొరకలేదు. మూడోసారి దొరికింది. అంతలో అడవి గుంపు బూర ఊదినట్టు పిలిచింది. చిన్నది నీళ్లు చిమ్ముతూ పరుగెత్తి, రెక్కలు విప్పి, వాటి మధ్య వాలింది.

ఆమె చేయి నెమ్మదిగా ఒడిలోకి దిగింది. తల మోకాళ్లమీదికి వాలింది.

దూరాన నిలబడిన కాపలాదారు, అలసిపోయిందనుకొన్నాడు. ఎంతకీ తెల్ల అంగీ కదలకపోయేసరికి దగ్గరికి వచ్చి ఎడమ మణికట్టు పట్టుకొని చూశాడు. నోరు తెరిచాడు. పక్షులు గొంతు వినిపించేంత దూరంలోనే మేస్తున్నాయి. గుడ్డ నోట్లో కుక్కుకొని, ఆమె పక్కన నీళ్లలోనే కూలబడ్డాడు. పొద్దు వాలి, గుంపంతా లేచి, చిన్నదానితో సహా అవతలి గట్టు దాటి వెళ్లేదాకా అలాగే ఉన్నాడు. ఆ తరువాతనే ఆయన "అమ్మా" అని అరిచాడు.

మరునాడు మంత్రి వచ్చాడు. ఖాళీ తడికెల ముందు మైకు పెట్టి ఆమె పేరు పలికారు, పతకాన్ని ఫొటో ముందుంచారు. చెల్లెలు ఆ సభకు వెళ్లలేదు. అందరూ వెళ్లిపోయాక వచ్చి, కాపలాదారు ఇచ్చిన తొడుగును చేతిలోకి తీసుకొని, మణికట్టు దగ్గర విడిన కుట్టును వేలితో తడిమి, ఎప్పటి మేకుకే తగిలించింది.

మేకుకు గుడ్డసారసం తలకిందులుగా వేలాడుతోంది. మూసుకొన్న కొయ్యముక్కు మధ్య, ఆమె ఇవ్వకుండా ఆపుకొన్న నత్త ఇంకా అలాగే ఉంది.