ముగ్గురి సీటు

“మనోజా, దొరికిందే! ఇగ నుంచి నాకు ఆదివారమే ఆఫ్!”

ఫోన్‌లో ఐలేష్ గొంతు వెనక బస్టాండు మొత్తం మోగుతోంది. నేను పిండి చేతులతోనే గంతేశాను. పీట మీది చపాతీ ముద్ద దొర్లుకుంటూ వెళ్లి మా అత్తమ్మ మరియ కాళ్ల దగ్గర ఆగింది.

“పెండ్లయి నెల గాలే, ఇల్లు కూలగొడ్తవా బిడ్డా?” అంది అత్తమ్మ, ముద్ద తీసి నా చేతికిస్తూ.

కూలగొట్టినా తప్పు లేదు. ఐలేష్ ఇబ్రహీంపట్నం డిపోలో కండక్టరు. పెళ్లయ్యాక వచ్చిన మూడు ఆదివారాలూ ఆయనకు డ్యూటీయే. బొంగులూరులోని మా చర్చిలో ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు చాపల మీద కూర్చుంటాం. కొత్త జంటకు మాత్రం ఒక్క ఆదివారం ముందు వరసలో రెండు కుర్చీలు పక్కపక్కన వేస్తారు. ఆ ఇద్దరూ లేచి పెళ్లి గురించి చెరో మాట సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే కుర్చీలు లేవు. ఆ రెండు కుర్చీల కోసం నేను మూడు వారాలుగా కలలు కంటున్నాను. ఎం.కాం. చదివి కుర్చీకి ఇంత ఆరాటమా అంటే, అవును, అంతే ఆరాటం.

ఆ శనివారం సాయంత్రం ఆయన మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చాడు. సాక్ష్యం మాట ఎత్తగానే మొహం మాడిపోయింది.

“నాతోని గాదు. నేను చాప మీదనే కూసుంట.”

“బస్సుల అరవై మందిని ఒర్రి ఒర్రి ముందుకు జరుపుతవ్. గక్కడ నోరు రాదా?”

“బస్సుల నా మాట ఎవ్వరు వినరు. చర్చిల అందరు వింటరు గదనే!”

అలవాటవుతుందని ఆ పూట కుటుంబ ప్రార్థన ఆయననే చేయమంది అత్తమ్మ. కళ్లు మూసుకున్నాం.

“ప్రభువా, మనోజను నాకు తోడిచ్చినవ్, నీకు స్తోత్రం. నేను దాన్ని ఎన్నడు ఒంటరిగ నిలవెట్టకుంట చూడు…”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత చక్కగా చెబుతున్నాడు! చివరికి వచ్చాడు, ఊపిరి పీల్చుకున్నాడు, ఆమెన్ అనాల్సిన చోట గట్టిగా అన్నాడు:

“రైట్ రైట్!”

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. ఐలేష్ మాత్రం లేచి బయటికి వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు.

నా నవ్వు ఆగిపోయింది. బజ్జీల పొట్లం తీసుకెళ్లి పక్కన కూర్చున్నాను.

“చూసినవా? రేపు గక్కడ గిట్లనే అంట. ఇజ్జత్ పోతది.”

“అయితే నేను గూడ చాప మీదనే కూసుంట. నువ్వు పక్కన లేని కుర్చీ నాకెందుకు?”

నిజంగానే అన్నాను. అనగానే గుండె తేలికైంది కూడా. ఆయన బజ్జీ ఒకటి తుంచి సగం నాకిచ్చాడు.

“పెండ్లినాడు పాస్టరుగారు ఏమన్నడు? సంసారంల ఇద్దరు గాదు, దేవునితోని ముగ్గురు అన్నడు గదా.”

“అవ్.”

“అంటే మనది ముగ్గురు కూసునే సీటు. కిటికి పక్కకు ప్రభువు. నడుమ నువ్వు. కొసకు నేను.”

“కొసకు నువ్వెందుకు?”

“బ్రేకేస్తే కిందవడేది కొసకున్నోడే. రద్దీల అందరి సంచులు తాకేది గూడ వానికే. గవన్ని నాకు తాకనీ, నీకొద్దు.”

కారం వల్ల అని కళ్లు తుడుచుకున్నాను.

“నీకు జరమొచ్చిన దినం కొసకు నేను కూసుంట. సరేనా?”

“సరే తియ్.”

“ఐలేషూ, సాక్ష్యమంటే గిదే! రేపు గిదే చెప్పు!”

“గిదా? గింతేనా?” ఆయన లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోయింది. వీధి మొత్తానికి వినపడేలా కండక్టరు గొంతుతో అరిచాడు: “రేపు పొద్దుగాల ఎనిమిదింటి బస్సుకే పోవాలె! ముగ్గురి సీటు నేను ఆపుత!”

లోపలి నుంచి అత్తమ్మ కేక వేసింది.

“రేపు ఒక్కదినం కిటికి పక్కకు నేను కూసుంట, ప్రభువు ఏమనుకోడు. నా తెల్ల చీర ఇస్త్రీ చెయ్ బిడ్డా!”