గోడ అవతలి పియానో

“చపాతీలు కాస్త ఎక్కువే చెయ్యి సీతా. ఎడారిలో మనకి వండిపెట్టేవాళ్లెవరూ ఉండరు” అని చెప్పి, రేపటి బస్సు సంగతి కనుక్కోవడానికి వెళ్లాడు వాసుదేవరావు. ఇక్కడ మాత్రం నాకు వండిపెట్టేవాళ్లు ఎవరున్నారట, అనుకుంది సీతాలక్ష్మి పిండి కలుపుతూ. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల కావస్తోంది. జోర్డాన్‌లోని అమ్మాన్ దాకా బస్సు, అక్కణ్ణుంచి విమానం. మనిషికో సంచి. మొగుడు ప్రాణంలా చూసుకునే రికార్డులు ఇక్కడే ఉండిపోతాయి.

రాక్ అండ్ రోల్ పుట్టిన రోజుల నాటి రికార్డులవి. ఆఫీసులో ఇంగ్లీషు దొర ఒకాయన దేశం వెళ్లిపోతూ ఇచ్చాడు. శుక్రవారం వస్తే స్నేహితులంతా హాల్లో చేరేవారు. ఏ గాయకుడు జుట్టెలా దువ్వాడో, ఏ కారు కొన్నాడో వాసుదేవరావు చెబుతుంటే నోళ్లు తెరుచుకుని వినేవారు. ఆమె వంటింట్లో బజ్జీలు వేసేది. గోడ దాటేసరికి పాడేవాడి గొంతు పలచబడిపోయేది. వెనకాల డ్రమ్ముల మోత, పియానో మోత మాత్రం వచ్చేవి. అలా వినీ వినీ ఆ పియానో మనిషి మీద ఆమెకు ఎక్కడలేని కుతూహలం పట్టుకుంది. ఒక పాట మధ్యలో ఆ చెయ్యి క్షణం తడబడి, సర్దుకుని, మరింత జోరుగా పరిగెత్తుతుంది. మగవాడా, ఆడదా? ఆడదైతే పిల్లల్ని ఎవరికి అప్పగించి వచ్చిందో! దుమ్ము దులిపేటప్పుడు ఆ రికార్డు అట్ట ముందూ వెనకా వెతికింది. గాయకుడి పళ్లు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

ఒకసారి బజ్జీల పళ్లెంతో వచ్చి, ఉండబట్టలేక అడిగేసింది. “ఏమండీ, ఆ పియానో వాయించేదెవరు?”

అందరూ నవ్వారు. “పాడినవాడి పేరు తెలిస్తే చాలదూ? వెనక వాయించేవాళ్లు కూలికొచ్చినవాళ్లు. వెళ్లు, బజ్జీలు మాడుతున్నాయి” అన్నాడాయన. సిగ్గుతో చచ్చిపోయింది. బజ్జీలు మాత్రం మాడలేదు.

రికార్డ్ ప్లేయర్ ముట్టుకుంటే రికార్డుల మీద గీతలు పడతాయని ఆమెను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. తుడవడం మాత్రం ఆమె వంతే. ఇవాళ వినకపోతే ఇక ఎప్పటికీ లేదు. ఆ మనిషెవరో తెలియకుండానే ఈ దేశం వదలాలా? చేతులు కడుక్కుంది. వీధిలో సైనికుల లారీ వెళ్లిపోయేదాకా ఆగి, ఆ పాట ఉన్న రికార్డు మీద ముల్లు దించి, ఆయన కుర్చీలో కూర్చుంది.

పాడేవాడి గొంతు నిండుగా ఉంది. బాగుంది కూడా. పియానో దాని కింద నక్కింది. చెవులు రిక్కించింది. తడబాటు రానే వచ్చింది. ఆ వెంటనే, గోడ అవతలికి ఏనాడూ చేరనిది, ఎవరిదో చిన్న నవ్వు. ఆడ నవ్వు. సీతాలక్ష్మి ముల్లు ఎత్తి వెనక్కి జరిపి, మళ్లీ పెట్టింది. ఆవిడ మళ్లీ నవ్వింది.

“పిచ్చెక్కిందా? రోడ్డు మీదికి వినిపిస్తే?” తలుపు తోసుకుని వచ్చాడు వాసుదేవరావు. “చపాతీలయ్యాయా?”

“ఆ పియానో ఆడమనిషిదండీ. తప్పు పోయినందుకు తనే నవ్వుకుంది. మీరెప్పుడూ వినలేదూ?”

ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చున్న మనిషి తెల్లమొహం వేశాడు. “ఏమో, గమనించలేదు. అయినా ఇప్పుడెందుకిదంతా? లే, పొద్దున్నే బస్సు.”

ఆమె లేవలేదు. శబ్దం తగ్గించి, ముల్లు మళ్లీ మొదట్లో పెట్టింది.

“పిండి కలిపే ఉంది. అప్పడాల కర్ర పీట మీదే ఉంది. మీరు ఒత్తుతూ ఉండండి, నేను ఆవిడ నవ్వు ఇంకోసారి విని వస్తాను.”