పట్టుకునే చెయ్యి

"సరిగ్గా పట్టుకో" అన్నాడు మొగుడు స్టూలు మీద నుంచి. వంటింట్లో ట్యూబ్‌లైటు పోయింది. ఆమె ఒక చేత్తో స్టూలు, రెండో చేత్తో కొత్త ట్యూబు పట్టుకుని నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగడానికి తయారుగా ఉన్నాయి. "పాలు చూసుకోవద్దూ?" అని హాల్లోంచి అత్తగారు. ఏ చేత్తో చూసుకోవాలో మాత్రం ఆవిడ చెప్పలేదు. పాలు పొంగిపోయాయి, లైటు వెలగలేదు. "నువ్వు కదిపావు, అందుకే" అని తేల్చేసి ఆయనగారు ఆఫీసుకి వెళ్ళిపోయాడు. ఆమె పొయ్యి తుడిచి, తెల్లకోటు సంచీలో కుక్కుకుని ఆస్పత్రికి పరిగెత్తింది.

బస్సులో నిలబడి ఆలోచిస్తే నవ్వొచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె చేసిందల్లా పట్టుకోవడమే. నాన్న స్కూటరు విప్పితే స్పానర్లు పట్టుకుంది. అన్నయ్య గోడకి మేకు కొడితే మిగతా మేకులు పట్టుకుంది. మొగుడు షర్టు వేసుకుంటే వాచీ, పర్సూ పట్టుకుంది. పోనీ డాక్టరు చదువుకొచ్చాం కదా, బతికిపోయాం అనుకుంటే అక్కడా సూదుల ట్రేనే! "ట్రే అమ్మాయికివ్వండోయ్, ఆడవాళ్ళకి ఓపికెక్కువ" అంటారు వార్డులో పాఠం చెప్పే సారు, ఎంతో మెచ్చుకున్నట్టు. ఈ ఓపిక అన్న మాట కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడి చేతులు మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉండి ఉంటాయి. ఆ వార్డులో ఆమెకి ఇవాళే ఆఖరిరోజు. ఇవాళ కూడా సూది చేతికి రాకపోతే, రేపు డాక్టరై రోగి ముందు నిలబడినప్పుడు తనకి వచ్చే విద్య ట్రే మొయ్యడమొక్కటే. అది తల్చుకుంటే మాత్రం నవ్వు రాలేదు.

మొదటి మంచం మీద రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు. రక్తం తియ్యాలి. క్లాసులో అందరూ హీరో అని పిలిచే కుర్రాడు ముందుకొచ్చాడు. ఆమె ట్రే పట్టుకుంది, రెండో చేత్తో పెద్దావిడ మోచెయ్యి కూడా పట్టుకుంది. "నీకిది ఎన్నోసారి బాబూ?" అని పెద్దావిడ అడిగితే, "చాలాసార్లు చేశానండీ" అన్నాడు హీరో. మొన్న ఒక్కసారి చేశాడు, అదీ సారు చెయ్యి వేస్తే. గుచ్చాడు. రక్తం రాలేదు. "ఈవిడ నరాలు బాగాలేవు సార్" అన్నాడు. అరవై ఏళ్ళుగా పనిచేస్తున్న నరాలు ఇతగాడికి చెడ్డవైపోయాయి!

అతను ఇంకో సూదికోసం ట్రే వైపు చెయ్యి చాచాడు. ఇప్పుడు కాకపోతే ఇక లేదు. ఆమె సూది తీసుకుంది, ట్రే అతని చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో" అంది.

ఆ కుర్రాడు సారు వైపు చూశాడు. సారు ఆమె వైపు చూశారు. "నేను చేస్తాను సార్" అందామె. సారు కళ్ళజోడు సర్దుకుని, "ఊఁ, కానీ" అన్నారు.

"నీకెన్నోసారమ్మా?"

"మొదటిసారండీ."

"హమ్మయ్య, నిజం చెప్పేవాళ్ళొకరు దొరికారు. కానివ్వు" అంది హెడ్‌మిస్ట్రెస్ గారు, చెయ్యి చాచి.

రబ్బరు పట్టీ కట్టింది. ఇన్నాళ్ళూ ఎందరి చేతులో పట్టుకున్న వేళ్ళు కదా, నరం ఎక్కడుందో కంటికంటే ముందు వాటికే తెలిసిపోయింది. స్పిరిట్‌తో తుడిచి గుచ్చింది. సిరంజిలోకి ఎర్రగా, నిదానంగా రక్తం ఎక్కింది. వచ్చింది! అమ్మో, నిజంగానే వచ్చింది! ఆ సంబరంలో పట్టీ విప్పకుండానే సూది లాగేసింది. రక్తం జివ్వున చిమ్మి తెల్లకోటు చేతి మీద పడింది.

"పట్టీ! పట్టీ!" అని సారు అరిచారు. ఆమె గబగబా పట్టీ విప్పి, దూదితో గట్టిగా అదిమింది. రక్తం ఆగింది. పెద్దావిడ పడీపడీ నవ్వింది. "తప్పు చేశావు, సరిదిద్దుకున్నావు. పాస్!" అంది. "ఇంకెప్పుడూ మర్చిపోవుగా?" అన్నారు సారు. "ఈ జన్మకి మర్చిపోను సార్" అందామె. ట్రే పట్టుకుని నిలబడ్డ హీరో దాన్ని ఓ చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటున్నాడు.

సాయంత్రం ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారు ఆమె చేతిలోని తెల్లకోటు మీద మరక చూసి, "అయ్యో, చన్నీళ్ళలో నానబెట్టు, లేకపోతే పోదు" అంది. "పోకపోయినా పర్లేదండీ" అందామె. ఆ మాట అత్తగారికి అర్థం కాలేదు.

వంటింట్లో మొగుడు స్టూలు సిద్ధం చేసుకున్నాడు. "సమయానికి వచ్చావు. రా, పట్టుకో."

ఆమె సంచీ కింద పెట్టి, చెంగు బిగించి తనే స్టూలెక్కింది. "మీరు పట్టుకోండి. నేను పెడతాను."

ఆయన తెల్లబోయాడు. అయినా ఒక చెయ్యి స్టూలు మీద వేసి, రెండో చేత్తో ట్యూబు పైకెత్తి నిలబడ్డాడు. ఆమె హోల్డర్లో దుమ్ము తుడిచింది, వదులైన రేకు ముక్కని నొక్కింది, తొందరేమీ పడలేదు.

"ఇంకా ఎంతసేపు? చెయ్యి నొప్పెడుతోంది" అన్నాడు.

"అలవాటవుతుంది లెండి" అంది.