ఓడకన్నా వయసులో చిన్న లంగరు

దులంగన్ అనే ఆ ఓడకి అరవై రెండేళ్లు. దాని వెనక వేలాడే లంగరుకి ఇరవై ఎనిమిదే. లంగరు మీద 1978 అని అచ్చుగుద్ది మరీ ఉంది. చిన్నాఫీసరు లువాల్హతి బుర్రని పొద్దున్నుంచీ తొలుస్తున్న పురుగు ఇదే.

ఆ రోజు పదింటికి దులంగన్‌కి నౌకాదళం కొలువు నుంచి సెలవు. జెండా దించేముందు ఓడ చరిత్ర చదవాలి. చదివేది లువాల్హతే. అమెరికాలో మొక్కజొన్న చేల పక్కన నది ఒడ్డున కట్టారు దీన్ని. ఒక యుద్ధంలో ట్యాంకుల్ని దీవుల మీద దింపింది. ఇంకో యుద్ధంలో మూటలు నెత్తినెట్టుకున్న జనాన్ని ఎక్కించుకుంది. ముసలిదయ్యాక ఫిలిప్పీన్స్‌కి కాపురానికొచ్చి బియ్యం, సిమెంటు, గేదెలు, ఓట్ల పెట్టెలు మోసింది.

అంతా బానే ఉంది, ఒక్క చోట తప్ప. "1978. బలాంగవ్ దీవి. కెప్టెన్ మగ్తిబాయ్ అజాగ్రత్త వల్ల పదిహేను రోజులు ఇసకలో చిక్కుకుంది."

ఆ మాటతో ఆయన ప్రమోషన్ పోయింది. అదే హోదాలో రిటైరై, అలాగే పోయాడు. ఆయన కూతురు రెమెదియోస్ ఇవాళ ముందు వరసలో కూచుంటుంది. ఆవిడ మొహం మీద ఈ ముక్క ఎలా చదవడం? నిజం కాకపోతే మరీ పాపం కదా!

లువాల్హతి వెళ్లి మాంగ్ తెబాన్‌ని పట్టుకుంది. పెద్దవాళ్లని అక్కడ మాంగ్ అనే పిలుస్తారు. ఇరవై ఏళ్లు ఈ ఓడ వెనక డెక్కు మీద పనిచేసి రిటైరైన మనిషి. వేడుకకని తెల్లచొక్కా వేసుకొచ్చి, అరటిపండు వేపుడు తింటున్నాడు.

"మాంగ్ తెబాన్, ఈ ఓడ పాత లంగరేమైంది?"

"సొరచేప మింగేసింది మేడం."

"మాంగ్ తెబాన్!"

"సరే, నిజం చెప్తా. ఒక జలకన్య మనసుపడింది. మెళ్లో వేసుకుంటానంటే ఇచ్చేశాం."

"కాగితం మీద మీ పేరుతో అదే రాస్తాను. మీ మనవలు వింటారు."

ముసలాయన నవ్వు సగంలో ఆగింది. "ఆ కాగితంలో ఏం రాసుందమ్మా?"

ఆమె చదివింది. వేపుడు ఆయన చేతిలోనే చల్లారిపోయింది.

ఇది ఒడ్డెక్కడానికే పుట్టిన ఓడ. మిగతావి ఇసక తగిలితే పరువు పోయిందని ఏడుస్తాయి, ఇది ఎక్కేసి ముందున్న తలుపుల నోరు తెరుస్తుంది. కష్టమంతా దిగడంలోనే. అందుకే ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే వెనక లంగరు నీళ్లలో పడేసి, దాని ఇనప తాడు వదులుతూ పోయి ఇసకెక్కుతారు. తిరిగొచ్చేటప్పుడు ఆ తాడుని వించి అనే చుట్టుడు యంత్రంతో చుట్టుకుంటే ఓడ వెనక్కి జారుతుంది.

"ముందురోజు రంగెయ్యడానికి లంగరు నుంచి తాడు విప్పాను" అన్నాడు తెబాన్. "ఆ పొద్దున మళ్లీ కొండి తగిలించి, చీల దూర్చాను. చీలకి తాళం వెయ్యాలి. ఇంతలో వంటోడు పోల్డో పందెంకోడి డెక్కు మీదకొచ్చింది. దాన్ని విప్పింది నేనే! వాణ్ణి ఏడిపిద్దామని. దాని వెనక వాడు, వాడి వెనక నేను. పొట్ట పగిలేలా నవ్వుతున్నా. లంగరు వదలమని గంట మోగింది. వదిలేశా."

"తర్వాత?"

"పున్నమి పోటులో ఇసకెక్కాం. బియ్యం దింపాం. వించి తిప్పితే తాడు చక్కగా, హాయిగా వచ్చేసింది మేడం, చేప పడని గాలంలాగ! కొసన ఏమీ లేదు. ఈలోగా నీళ్లు వెనక్కి తీశాయి. మళ్లీ అమావాస్య పోటు దాకా అక్కడే."

"కెప్టెన్‌కి చెప్పలేదా?"

"చెప్పాను. మా ఆవిడ నాలుగోసారి కడుపుతో ఉంది. ఉద్యోగం పోతుందని కాళ్ల మీద పడ్డా. 'లేవరా కోతీ, ఓడ నాదైతే లంగరూ నాదే' అన్నాడు. అంతే. ఇంకెప్పుడూ ఆ మాటెత్తలేదు."

పదయింది. బ్యాండు ఆగింది. లువాల్హతి చదువుతూ చదువుతూ 1978 దగ్గరికొచ్చి నిలబడిపోయింది. కాగితం మీదున్న ముక్క నోట రావట్లేదు. కాగితంలో లేనిది చెప్పే హక్కు తనకి లేదు.

వెనక వరసలోంచి కుర్చీ కిర్రుమంది. తెబాన్ లేచాడు. టోపీ తీసి గుండెకానించుకున్నాడు.

"ఆ తప్పు కెప్టెన్‌ది కాదు. నాది. చీలకి తాళం వెయ్యకుండా కోడి వెనక పరిగెత్తాను."

రెమెదియోస్ మెల్లగా వెనక్కి తిరిగింది. ముసలాయన తల వంచేశాడు, ఇప్పుడు తిట్లే అనుకుని.

"కోడా!" అందావిడ. "ప్రతి పండక్కీ నాన్న ఈ కథే చెప్పేవాడు. కళ్లంట నీళ్లొచ్చేలా నవ్వేవాడు. పేరు అడిగితే మాత్రం, ఒక కోతి అనేవాడు. మేం కట్టుకథనుకున్నాం."

కర్చీఫుతో కళ్లు తుడుచుకుంది. ఏడుపో నవ్వో ఆవిడకే తెలిసినట్టు లేదు.

"చివర మాత్రం చెప్పేవాడు కాదు. ఆ కోడి ఏమైంది?"

తెబాన్ తలెత్తాడు. "మూడోరోజుకి కూరలైపోయాయమ్మా. పోల్డో ఏడుస్తూనే పులుసు పెట్టాడు. పెద్ద కాలు కెప్టెన్‌కే వేశాం."

లువాల్హతి జేబులోంచి పెన్ను తీసి, అందరూ చూస్తుండగానే ఒక వాక్యం కొట్టేసింది.